కాడి కింద ఆవు

నిరుడు తొలకరి రోజుల్లో గద్వాల నుంచి అయిజకు బస్సులో వెళ్తున్నాను. పక్క సీట్లో ఒక అత్తా, కోడలూ. కోడలి ఒడిలోని పళ్లెంలో, ఇంకా తడి ఆరని మట్టి ఎద్దుల జత ఉంది. అటువైపు జ్యేష్ఠ అమావాస్యకు మట్టితో ఎద్దులు చేసి, కాడి కట్టి, పీట మీద పెట్టి పూజిస్తారు. మా కోస్తాలో నేనెప్పుడూ చూడలేదు.

వంగి చూస్తే అందులో ఒకదానికి పొదుగు ఉంది. నా నోరు ఊరుకోదు కదా.

"ఇది ఆవు కదమ్మా?" అన్నాను.

"అవునక్కా. మా ఆయన పుణెల కూలికి పోయిండు. ఈడ కౌలు సేద్యమంత నేనే చేస్తున్న. మరి రెండూ ఎద్దులే ఎట్లయితయి?"

అత్త నా వైపు తిరిగింది. "జర నువ్వన్న చెప్పమ్మా. ఆవుకు కాడి కడ్తరా? పూజల పెడితె ఊరంత నవ్వదా?"

కోడలు పళ్లేన్ని మరింత దగ్గరికి లాక్కుంది.

ఇంతలో బస్సు గుంతలో పడి ఎగిరింది. ఆవు కొమ్ము ఒకటి విరిగిపోయింది. కోడలి ముఖం చిన్నబోయింది. ఇక ఆ ఆవు పని అయిపోయిందనుకున్నాను.

అత్త సీసాలోని నీళ్లతో వేళ్లు తడుపుకుంది. ఎద్దు మూపురం నుంచి కొంచెం మట్టి గిల్లి, విరిగిన ముక్కతో కలిపి మెదిపి, ఆవు తలకు కొత్త కొమ్ము పెట్టింది.

"గింత సన్నగ చేస్తె ఎట్ల బిడ్డా?" అంది కోడలితో. "సేద్యం చేసే పానం. కొమ్ములు జర గట్టిగుండాలె."