కోహ్కా ఎక్స్ఛేంజిలో గాజు డబ్బాలు

నరసింగరావు చేసే ఉద్యోగమేమిటో ఆయన ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. భిలాయిలోని కోహ్కా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, అప్పుడప్పుడూ నీళ్లు పోయాల్సిన గాజు డబ్బాల బ్యాటరీలు చూసుకుంటాడు. కరెంటు పోతే జనరేటరు అందుకునేదాకా ఆ చుట్టుపక్కల ఫోన్లన్నీ ఆ బ్యాటరీల మీదే బతకాలి. ఎవరైనా అడిగితే భార్య సింహాచలమ్మ మాత్రం, "మా ఆయన డబ్బాల్లో నీళ్లు పోస్తారు" అనేది. మరుదులిద్దరూ ప్లాంటులో ఉక్కు కరిగిస్తుంటే మొగుడు నీళ్లు పోయడమేమిటని ఆవిడకు కాస్త నామోషీ.

నరసింగరావు మనసు తొలిచేది వేరే సంగతి. ఆ గాజు డబ్బాలు అసలు ఎంతసేపు మోయగలవు? కరెంటు పోయిన మరుక్షణం ఎవరో ఒకరు పరుగెత్తి జనరేటరు వేసేస్తారు. పెళ్లిచూపుల్లో పాట ఎత్తుకోగానే "చాలు తల్లీ" అని లేపేసిన పెళ్లికూతురి గతే వాటిది. పై నెలలో వాటిని తీసేసి, నీళ్లక్కర్లేని కొత్తరకం పెడతారట. ఇక ఆ సంగతి తేలే దారి లేదు.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు భిలాయిలో యంత్రాలదే పండగ. జనరేటరుకు బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, తాళంచెవి దేవుడి పటం ముందుంచారు. సాయంత్రం హారతి అయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు. మధ్యాహ్నం అందరూ ప్రసాదం తింటుండగా కరెంటు పోయింది.

నరసింగరావు ప్రసాదం పక్కన పెట్టి లేచాడు. కూతురు రోహిణికి తెల్లవారుజాము నుంచి విజయనగరం ఆసుపత్రిలో నొప్పులు. కబురు ఇంటి ఫోనుకే రావాలి. సింహాచలమ్మ పొద్దుట్నుంచి దాని ముందే కూర్చుంది.

"అంకుల్, ఏం చేద్దాం?" అన్నాడు ఆఫీసరు మురళీధర్. ఇక్కడే పుట్టిపెరిగిన కుర్రవాడు. "చాబీ తీస్తే అందరూ గొడవ చేస్తారు. తీయకపోతే లైన్లన్నీ బంద్."

"కాసేపు సూద్దాం బాబూ."

బ్యాటరీ గదిలో మీటరు ముందు నిలబడ్డాడు. ముల్లు నెమ్మదిగా దిగుతోంది, కానీ తూలడం లేదు. చూస్తున్నకొద్దీ ముచ్చటేసింది. ఇంకా మోస్తున్నాయి, ఇంకా. ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చాక గానీ కూతురు గుర్తుకు రాలేదు. తన సరదా కోసం పిల్ల కబురును పణం పెడుతున్నానా అని సిగ్గుతో చచ్చిపోయాడు. గబగబా దేవుడి పటం దగ్గరికి నడిచాడు.

తాళంచెవి మీద చెయ్యి వేశాడో లేదో, ఆఫీసు ఫోను మోగింది. సింహాచలమ్మ.

"ఏటండీ, ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడే అల్లుడు సెప్పేడు. తల్లీ పిల్లా బాగున్నారట."

నరసింగరావు గోడకు ఆనుకున్నాడు.

"అవునుగానీ, ఇంట్లో కరెంటు నేదు. మరి ఫోనెలాగ మోగింది?"

ఇన్నేళ్ల కాపురంలో ఆయన పని గురించి ఆవిడ అడిగిన మొదటి మాట అది. "ఇంటికొచ్చి సెప్తాను" అన్నాడు.

దేవుడికి చెంపలేసుకుని, దండ తీసి పక్కన పెట్టి, జనరేటరు వేశాడు. ఎవరూ గొడవ చేయలేదు. ఆ డబ్బాలు మొత్తం ఎంతసేపు మోసేవో తేలనే లేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి సింహాచలమ్మ పక్కింటి అప్పలనర్సమ్మకు మిఠాయి పెడుతోంది.

"కరెంటు నేకపోయినా ఫోనుల్ని మా ఆయనే మోగిస్తారు" అంటోంది.