ఆయన ఆగిన చోట

"దీపం యాళ్లయింది. ఇంటికి పోయి పెట్టిరా."

"నిన్ను ఇడిచిపెట్టి ఎట్ల పోతా?"

"సిస్టర్ ఉన్నది కద. పోయిరా. నేను హాజర్ అని చెప్పు."

"చెప్తా. నువ్వు మాస్క్ తియ్యకు."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. నేను దీపం పెట్టి, ఆయన చెప్పమన్న మాట దేవుడికి చెప్పి, ఆటోలో తిరిగి ఆస్పత్రికి వచ్చేసరికి ఆయన లేడు.

రిటైరైన జవాన్లు కొందరు కలిసి చిన్న పుస్తకం వేస్తున్నారు. మంచుకొండ మీద చేసిన డ్యూటీ గురించి రాసిస్తానని ఆయన వాళ్ళకు మాటిచ్చాడు. రాయకుండానే పోయాడు. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని నేను చెబుతున్నాను, మా తమ్ముడి కూతురు కవిత రాస్తోంది. ఇందులో నేను కళ్ళతో చూసింది తక్కువ. ఆయన చెప్పింది, ఆయనతో పనిచేసిన కుక్ మా ఇంటికొచ్చి చెప్పింది, ఈ రెండే. ఆయన ఎప్పుడు చెప్పినా అవే మాటలు, అదే వరస. అందుకే నాకు నోటికొచ్చింది.

పోస్టుకు చేరింది మధ్యాహ్నం. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తు. కింది క్యాంపు నుంచి నాలుగు రోజుల నడక. అందరినీ కలిపి ఒకే తాడు. ముందున్నవాడి అడుగులోనే వెనకవాడు అడుగు పెట్టాలి. పక్కకు పెడితే కింద ఏముందో తెలియదు. మంచు పైకి గట్టిగా కనబడుతుంది, లోపల పగులు ఉంటుంది. ఏప్రిల్ వస్తే రెజిమెంటల్ బజార్‌లో మా రేకుల గదిలో కూర్చోలేక వాకిట్లో పడుకునే మనిషి. అక్కడ మూడు జతల గ్లౌజుల మీద కూడా వేళ్ళు తెలియలేదట.

ఉండడానికి ఫైబర్ గుడిసె. లోపల కిరోసిన్ పొయ్యి. అది పగలూ రాత్రీ మండాల్సిందే. దాని మసికి ఉమ్మితే నల్లగా పడేది. తాగే నీళ్ళకు మంచు గడ్డ కొట్టుకొచ్చి కరిగించాలి. ఆయన రేడియో ఆపరేటర్. సెట్టు బ్యాటరీ చలికి చచ్చిపోతుంది. అందుకని రాత్రుళ్ళు దాన్ని బనియను లోపల పొట్టకు కట్టుకుని పడుకునేవాడు. "నీ బిడ్డను ఎత్తుకున్న దానికంటే ఎక్కువ దాన్నే ఎత్తుకున్న" అనేవాడు నాతో.

ఆ పోస్టులో ఒక అలవాటు ఉంది. గుడిసె గుమ్మం పక్కన ఖాళీ కిరోసిన్ డబ్బా, ముందు వైపు కోసేసి పెట్టారు. లోపల వెంకన్న పటం, సిలువ, సిక్కుల గురువు బొమ్మ, అరబ్బీ అక్షరాల అట్టముక్క, అన్నీ పక్కపక్కనే. బయటికి డ్యూటీ మీద పోయేవాళ్ళు ఆ డబ్బా ముందు అటెన్షన్‌లో నిలబడి, ఆఫీసరుకు చెప్పినట్టు రిపోర్టు ఇవ్వాలి. ఎంతమంది, ఎక్కడికి, ఎప్పుడొస్తారు. తిరిగొచ్చాక మళ్ళీ నిలబడి "అందరం హాజర్" అనాలి. పోస్టు పెద్ద సుబేదార్ సాబ్. ఆయనది మద్రాసు వైపు. ఇది ఆర్డరు కాదు, రివాజు మాత్రమే అని మొదటి రోజే చెప్పాడు.

మా ఆయన రిపోర్టు ఇవ్వలేదు. ఆయనకు దేవుడంటే కుదరదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ సర్కారు దవాఖానలో ఉంటే ఈయన ఎక్కని గుడి మెట్టు లేదు, అయినా ఆమె దక్కలేదు. అప్పటి నుంచి చేతులు జోడించలేదు. నాతో గుడికి వచ్చేవాడు గానీ లోపలికి వచ్చేవాడు కాదు. "నేను చెప్పులకు సెంట్రీ, నువ్వు పోయిరా" అనేవాడు.

పోస్టులో తెలుగువాళ్ళు ముగ్గురే. ఈయన ఒకడు. రెండోవాడు కుక్, నల్గొండ మనిషి. నోరు ఊరుకోదు. మూడోవాడు లైన్‌మన్. రెండు పోస్టుల మధ్య మంచులో పరిచిన టెలిఫోను తీగ తెగితే పోయి అతుకు వేసేది అతనే. గుంటూరు వైపు క్రైస్తవుల పిల్లవాడు. వాళ్ళమ్మ బడిలో టీచరు.

ఒకరోజు చాయ్ తాగుతుంటే లైన్‌మన్ అడిగాడట. "ఏం అన్నా, దేవుడి మీద అలిగావా?"

"నేను అలగలే. ఆయనే సెట్ బంద్ చేస్కున్నడు. మా అమ్మ కోసం పిలిస్తే జవాబే రాలే."

"జవాబు రాకపోతే అవతల సెట్టు కట్టేసినట్టేనా? మరి నువ్వు ఆపరేటర్‌వి ఎలా అయ్యావ్?"

పక్కనుంచి కుక్ అందుకున్నాడు. "నా చాయ్‌ల చక్కెర తక్కువైందని రోజు పిలుస్తడు. నేను జవాబియ్య. అయినా పిలుస్తనే ఉంటడు."

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాడు మా ఆయన.

రెండో నెలలో తీగ తెగింది. పొద్దున ఏడింటికి లైన్‌మన్ బయల్దేరాడు. ఒంటరిగా ఎవరూ పోకూడదు. మిగతావాళ్ళు సెంట్రీ డ్యూటీలో ఉన్నారు, కుక్ తోడు పోయాడు. ఇద్దరూ డబ్బా ముందు నిలబడి రిపోర్టు ఇచ్చారు. "ఇద్దరం. తీగ దాకా. మధ్యాహ్నం అన్నం వేళకు వస్తాం." పోతూ పోతూ కుక్ మా ఆయనతో, "పప్పు పొయ్యి మీద ఉన్నది, మాడగొట్టినవంటే వచ్చి నీ సంగతి చెప్తా" అన్నాడు.

తొమ్మిదింటికి గాలి లేచింది. పదికల్లా గుమ్మం ముందు చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. పోస్టుకు రేడియోలో పర్బత్ అని పేరు, బయటికి పోయిన ఇద్దరు వెంట తీసుకుపోయిన చిన్న సెట్టుకు తార.

"తార, తార, పర్బత్. వినబడితే చెప్పు. ఓవర్."

గరగర తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచాడు. గరగర.

ఆ గాలిలో వెతకడానికి మనుషులను పంపడమంటే ఇంకొందరిని పోగొట్టుకోవడమే. సుబేదార్ సాబ్ గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు బయటికే చూశాడు. తరవాత వచ్చి మా ఆయన పక్కన కూర్చుని హిందీలో అన్నాడు, "పిలుస్తూ ఉండు. మాట ఆపకు."

అది రేడియోవాళ్ళకు ట్రైనింగులో నేర్పే పద్ధతే. జవాబు రాలేదంటే వినట్లేదని అనుకోకూడదు. బ్యాటరీ నీరసపడితే సెట్టుకు వినే ఓపిక మిగులుతుంది, పలికే ఓపిక పోతుంది. అందుకని వింటున్నారనే అనుకుని చెప్పాల్సింది చెబుతూ పోవాలి. దీన్ని గుడ్డిగా పంపడం అంటారట.

పదిహేను నిమిషాలకోసారి పిలిచాడు. గాలి ఎటు నుంచి వస్తోందో, వీళ్ళు ఏం చేయబోతున్నారో చెప్పాడు. కదలకండి, గుంట తవ్వుకుని కూర్చోండి, నిద్రపోకండి అని చెప్పాడు. చెప్పిందే చెప్పి చెప్పి మాటలు అయిపోయాయి. అప్పుడు కుక్‌ను తిట్టాడు. "నువ్వు రాకుంటే ఇయ్యాల సుబేదార్ సాబే రొట్టెలు చేస్తడంట. పప్పు ఎట్లనో మాడింది. గీ పాపం అంత నీకే తగుల్తది." తిట్లూ అయిపోయాయి. మా గల్లీ గురించి చెప్పాడు. ఏ కొట్టు పక్కన ఏ కొట్టు ఉందో, స్టేషను నుంచి ఇంటికి ఎలా రావాలో.

చీకటి పడుతుండగా సుబేదార్ సాబ్ డబ్బా ముందు నిలబడి తన మంత్రమేదో చదువుకున్నాడు. తరవాత అడిగాడు, "లైన్‌మన్ వాళ్ళ ప్రార్థన ఏదైనా మీలో ఎవరికైనా వచ్చా?"

పోస్టులో ఇంకో క్రైస్తవుడు లేడు. వచ్చినవాడు ఒక్కడే, మా ఆయన. సికింద్రాబాద్‌లో క్రైస్తవుల మిషన్ బడిలో చదివాడు. అక్కడ రోజూ పొద్దున బెల్లు కొట్టాక వరసలో నిలబడి చెప్పిన ప్రార్థన. నమ్మి చెప్పింది కాదు, బెత్తానికి భయపడి చెప్పింది. ఎన్నో ఏళ్ళు అయింది. బటన్ నొక్కి మొదలుపెట్టాడు.

సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ ఒక వాక్యం గుర్తు రాలేదు. ఆగాడు. ఎంత తడుముకున్నా రాలేదు. దాన్ని వదిలేసి తరవాతది చెప్పి ముగించాడు. పదిహేను నిమిషాల తరవాత మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ అక్కడే ఆగాడు. తెల్లారేదాకా అంతే. పిలుపు, తిట్టు, గల్లీ కబురు, ప్రార్థన, అదే చోట ఆగడం. గొంతు పోయి గాలి మాత్రమే వస్తున్నా ఆపలేదు.

పొద్దున గాలి తగ్గింది. సుబేదార్ సాబ్ నలుగురిని తీసుకుని తాడు కట్టుకుని పోయాడు. దారికి దగ్గర్లోనే దొరికారు. లైన్‌మన్ కాలు మంచు పగుల్లో పడి విరిగింది. కుక్ అతన్ని పైకి లాగి, గుంట తవ్వి, తన ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చున్నాడు. కుక్ బతికి ఉన్నాడు. లైన్‌మన్ తెల్లవారుజామునే పోయాడు.

హెలికాప్టరు వచ్చేవరకు కుక్‌ను గుడిసెలో పొయ్యి పక్కన పడుకోబెట్టారు. రెండు చేతులకూ కట్లు. మా ఆయన పక్కన కూర్చుని చెంచాతో చాయ్ తాగించాడు.

"చక్కెర తక్కువైంది" అన్నాడు కుక్. మొదటి మాట అదే.

తరవాత చెప్పాడు. సెట్టు పలకలేదు, కానీ వినబడింది. మొదట ఇద్దరూ చెరో చెవి ఆనించి విన్నారు. తిట్టిన ప్రతిసారీ కుక్ ఎదురు తిట్టాడు.

"నీ ప్రార్థన షురూ అయినంక వాన్ని ఇంక నేను లేపుడు బంద్ పెట్టిన. వాడే లేచి కూసునేటోడు. నువ్వు ఆగిన కాడ వాడు అందుకునేటోడు. ఆ మాట వాడు చెప్పేది. 'మీవోడు మళ్ళా అక్కడే ఆగాడు చూడు, బళ్ళో ఏం నేర్పారో' అని నవ్వేటోడు. మళ్ళ నువ్వెప్పుడు పిలుస్తవా అని చూసేటోడు. ఆఖరుకు ఒకపారి నువ్వు ఆగినవు, వాడు అందుకోలె. గప్పుడు నాకు సమజైంది."

మా ఆయన తల దించుకున్నాడు. "గంత మొత్తుకున్నా ఏం ఫాయిదా? వాడు పోనే పోయిండు."

"పోయిండు. గని ఒక్కడే పోలే" అన్నాడు కుక్.

ఆ సాయంత్రం మా ఆయన మొదటిసారి డబ్బా ముందు నిలబడ్డాడు. ఇద్దరు బయటికి పోయారు, తిరిగొచ్చి ఒకరు హాజర్ అని రిపోర్టు ఇచ్చాడు. వెనక నిలబడ్డ సుబేదార్ సాబ్ మెల్లగా సరిచేశాడు. ఇద్దరూ హాజర్ అని చెప్పు, ఒకడు ఇక్కడ, ఒకడు అక్కడ. ఈయన అలాగే చెప్పాడు.

కవిత ఇక్కడ కలం ఆపి అడుగుతోంది. "అత్తా, దేవుడు వింటే మరి ఆ లైన్‌మన్ ఎందుకు పోయిండు?" మా ఆయన్ని కూడా చాలామంది ఇదే అడిగారు. రిటైరయ్యాక ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక షాపు ముందు గార్డుగా చేసేవాడు. అక్కడి కుర్రాళ్ళూ అడిగేవారు. ఆయన వాదించేవాడు కాదు. "నాకు తెల్వది. నా దిక్కు సెట్ మాత్రం బంద్ చెయ్య" అనేవాడు. నాకూ అంతకంటే తెలియదు. కానీ ఒకటి తెలుసు. ఆయన పోయాక ఈ గదిలో సాయంత్రం ఎలా ఉంటుందో నాకు తెలుసు. దీపం ముందు కూర్చుని ఇవాళ పప్పు ఏం వండానో, మోకాలు ఎంత నొప్పిగా ఉందో చెప్పుకుంటాను. జవాబు రాదు. అయినా చెప్పకుండా ఉండలేను. చెప్పిన రోజు ముద్ద దిగుతుంది. మనిషికి దేవుడు ఎందుకంటే నేను చెప్పగలిగింది ఇదే. చదువుకున్నవాళ్ళు ఇంకేమైనా చెబుతారేమో.

డ్యూటీ ముగిసి ఆయన సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగినప్పుడు నేను పాపను ఎత్తుకుని ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. ముఖం నల్లగా కాలిపోయి, పెదవులు పగిలి, మొదట గుర్తుపట్టలేదు. ఇంటికి వచ్చి స్నానం చేశాడు. సాయంత్రం నేను దీపం పెడుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏందీ, చెప్పులకు సెంట్రీ ఎవరు?" అన్నాను. నవ్వలేదు. అటెన్షన్‌లో నిలబడి, అందరం హాజర్ అన్నాడు. ఆ తరవాత బడి ప్రార్థన చెప్పాడు. నడుమ ఒక చోట ఆగాడు. ఒక శ్వాస తీసుకునేంత సేపు. మళ్ళీ కొనసాగించాడు. ఆ వాక్యం ఎవరినైనా అడిగి నేర్చుకోవచ్చు కదా అంటే, అది నాది కాదు అన్నాడు. బతికినన్నాళ్ళూ నేర్చుకోలేదు.

ఒక్క సంగతి మాత్రం ఆయన జవాన్లకు గానీ, షాపు కుర్రాళ్ళకు గానీ చెప్పలేదు. నాకు చెప్పాడు. లైన్‌మన్‌ను గుడిసె ముందుకు తెచ్చినప్పుడు తలకు మఫ్లర్ గట్టిగా చుట్టి ఉంది. సెట్టుకుండే, వినే మాట్లాడే గొట్టం చెవికీ నోటికీ ఆనుకుని ఉండేలా కుక్ కట్టింది అది. ముడి గడ్డకట్టింది. ఎవరికీ విప్పబుద్ధి కాలేదు. అది రేడియో సామాను కాబట్టి ఆయనే కూర్చుని గ్లౌజులు తీసి విప్పాడు. వినే వైపు శుభ్రంగా ఉంది. పలికే వైపు, నోరు ఆనే చోట, చిల్లులన్నీ పూడిపోయి పిడికెడు తెల్లటి మంచు గడ్డకట్టి ఉంది. అది బయటి మంచు కాదు. రాత్రంతా ఆ పిల్లవాడు జవాబు చెప్పిన ఊపిరి. అది కరిగేదాకా ఆయన దాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడట. నాకు చెబుతున్నప్పుడు కూడా చేతులు అలాగే దగ్గరకు పెట్టుకున్నాడు.

ఇంక చాలు బిడ్డా. జెర మొదటి సంది సదువు, ఇంటా.