కాయకీ కాయకీ మధ్య జాగా

రెడ్డిగూడెంలో మా మామిడితోట ప్యాకింగు మేస్త్రి మొన్న మంగళవారం పోయారు. కబురు తెచ్చినవాడు "ఆ పిచ్చి మేస్త్రి పోయాడండీ" అన్నాడు. తిట్టబోయి ఆగాను. ఆ పేరు పుట్టిన రోజు నేనక్కడే ఉన్నాను.

చిన్న రసాలు గంపలో పేర్చడంలో ఆయన్ని మించినవాడు లేడు. అడుగున వరిగడ్డి, మీద పక్కపక్కనే కాయలు, మళ్ళీ గడ్డి. "పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టండ్రా" అనేవారు. గంపలకు చీటీలు రాయడం నా పని.

ఒక ఏడు కార్తీకంలో తుఫాను వచ్చి సముద్రపు ఒడ్డు ఊళ్ళు కొట్టుకుపోయాయి. తోట ఆసామి మమ్మల్ని సాయానికి పంపుతూ "మీ మంచీ చెడ్డా నేను చూసుకుంటాను" అన్నారు. మేస్త్రి ఐదు రోజులు బురదలోంచి శవాలు తీసి, అయినవాళ్ళు గుర్తుపట్టేందుకు గడ్డి మీద వరుసగా పడుకోబెట్టారు. నేను చీటీలు రాశాను. ఆడమనిషి, ఎర్ర రవిక. మగపిల్లాడు, మొలతాడు. తిరిగొస్తుంటే ఆసామీ, ఊరివాళ్ళూ హనుమాన్ జంక్షన్ దాకా ఎదురొచ్చి మాకు దండలు వేశారు. వాళ్ళ చూసుకోవడం అక్కడితో సరి.

తర్వాతి వేసవిలో మేస్త్రి కాయకీ కాయకీ మధ్య బెత్తెడు జాగా వదలడం మొదలుపెట్టారు. గంపకు సగం కాయలు కూడా పట్టేవి కావు. ఆసామి పాకలోకి వచ్చి "ఏంటయ్యా ఇది?" అన్నారు.

"పక్కపక్కన పెడితే వాళ్ళే కనిపిస్తున్నారండీ. కునుకు పట్టట్లేదు. ఈ అబ్బాయీ చూశాడు, అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. నాకూ నిద్ర లేదు. కానీ అప్పుడే పెళ్ళి కుదిరింది. దెయ్యం పట్టినవాడికి పిల్లనెవరిస్తారు?

"నాకేం లేదండీ. బాగానే ఉన్నాను."

ఆసామి ఆయన్ని పనిలోంచి తీసేశారు. దండ వేసిన చేతులతోనే అందరూ పిచ్చివాడని వేలు చూపించారు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా మీద ఇంకా ఎక్కువ.

ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడినా మేస్త్రి ఒకటే అడిగేవారు. "నిద్ర పడుతోందా అబ్బాయ్?" ఊళ్ళో నన్ను ఆ మాట అడిగింది ఆయనొక్కరే. "బాగా పడుతోంది మేస్త్రీ" అనేవాణ్ణి. "పోన్లే, నీకైనా పడుతోంది" అని తేలికపడి వెళ్ళిపోయేవారు. నన్ను నిజంగానే నమ్మారు.

మంగళవారం వెళ్ళేసరికి ఆయన్ని వాకిట్లో గడ్డి పరిచి పడుకోబెట్టారు. ఆసామి కూడా వచ్చారు. "మంచి పనివాడు, పాపం మతి చెడింది" అన్నారు.

"చెడలేదండీ. నాకూ ఇప్పటిదాకా నిద్ర లేదు" అన్నాను.

అందరూ మళ్ళీ నా వైపు తిరిగారు. మేస్త్రి మాత్రం గడ్డి మీద, చుట్టూ బోలెడంత జాగాతో, ఒక్కరే పడుకుని ఉన్నారు.