వెనక సీటు లేని సైకిలు

ఇరవై ఏడేళ్ళు వచ్చేదాకా నాకు సైకిలు తొక్కడం రాదు. ఇందులో సిగ్గుపడాల్సింది నేను కాదని ఇప్పటికీ అంటాను. ఏలూరులో నాన్న స్కూటరు వెనక కూర్చుని బడికి, అన్నయ్య బండి వెనక కూర్చుని కాలేజీకి వెళ్ళాను. ఉద్యోగం వచ్చాక కంపెనీ క్యాబులో వెనక సీటు. నన్నెవరూ ఇంట్లో కట్టిపడేయలేదు. ఎక్కడికి బయల్దేరినా "దిగబెడతాలే" అనేవారు, అంతే. ప్రేమగానే అనేవారు. ఆ ప్రేమకే నాకు ఒళ్ళు మండేది.

జర్మనీలో, కాట్‌బస్‌లో మాస్టర్స్‌కి చేరాక ఒక పాత సైకిలు కొన్నాను. దానికి వెనక క్యారియరు ఉంటే, పక్కగది అమ్మాయి దగ్గర స్పానరు అడిగి తెచ్చి నేనే ఊడదీశాను. హాస్టల్ పార్కింగ్‌లో వేసవంతా పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. మోచేతులు చెక్కుకుపోయాయి. నా నడుమెత్తు కూడా లేని జర్మన్ పిల్లలు పక్కనుంచి దూసుకుపోతూ నన్ను జాలిగా చూసేవారు. ఎలాగో వచ్చిందిగానీ ఒక లోపం మిగిలింది. ఒకసారి ఆగానంటే, మళ్ళీ బయల్దేరడానికి కాలు మోపేందుకు ఫుట్‌పాత్ అంచో, రాయో ఉండాలి. అదీ ఎత్తు మీదైతే రాయి ఉన్నా లాభం లేదు.

నాతో చదివే ఇద్దరు అబ్బాయిలు వారాంతంలో సైకిళ్ళ మీద గోర్లిట్స్ పోదామన్నారు. ఒకడిది కరీంనగర్, ఇంకొకడిది గుంటూరు. చిన్నవాళ్ళు, నన్ను అక్కా అంటారు. శనివారం ఫోర్స్ట్ అనే ఊరి మీదుగా నైసే నది పట్టుకుని బాడ్ మస్కావ్. రాత్రికి అక్కడే పడుకుని, ఆదివారం గోర్లిట్స్. ఆ ఊళ్ళో వంతెన దాటితే పోలండ్. తిరిగి రావడం సాయంత్రం రైల్లో.

"అక్కా, నువ్వు ట్రైన్ల రా. బ్యాగులు, పులిహోర నువ్వు పట్టుకొస్తే మేం ఖాళీగ తొక్కుకుంట వస్తం" అన్నాడు కరీంనగర్ వాడు.

"పులిహోర నువ్వు చేసుకో. బ్యాగు నువ్వు మోసుకో. ఆ వంతెన దాకా నేను నా కాళ్ళతో వస్తాను. నన్నెవరూ లాగక్కర్లేదు, తొయ్యక్కర్లేదు."

"సరేగానీ అక్కా, ఆ క్యారియరన్నా ఉంచుకోవాల్సింది. సామానెక్కడ పెడతావు?" అన్నాడు గుంటూరు వాడు.

"వీపు మీద" అన్నాను.

శనివారం బాగానే గడిచింది. దారంతా చదును, ఇటు అడవి, అటు నది. బ్యాటరీ సైకిళ్ళ మీద ఒక ముసలి జంట "మోర్గెన్" అని పలకరించి మమ్మల్ని దాటేసింది. ఆ పెద్దాయన ఈల కూడా వేసుకుంటున్నాడు. నేను ఆగినప్పుడల్లా అబ్బాయిలిద్దరూ "అక్కా, రాయి! అదిగో రాయి!" అని ఆటపట్టించారు. సాయంత్రానికి కూర్చోవడానికి లేదు, నిలబడడానికి లేదు. అయినా నవ్వుతూనే ఉన్నాను.

ఆదివారం మస్కావ్ దాటాక ఎత్తు వచ్చింది. పైగా ఎదురుగాలి. పళ్ళ బిగువున తొక్కుతుంటే ఉన్నట్టుండి సైకిలు తేలికైంది. నా కాళ్ళకి ఇంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఎంత సంతోషించానో! ఆ తర్వాత తెలిసింది, నా వీపు మీది బ్యాగుకు ఒక అరచెయ్యి ఆని ఉందని. మన ఊళ్ళలో పెట్రోలు అయిపోయిన బండిని వెనకవాడు కాలు పెట్టి నెట్టుకొస్తాడే, అలా కరీంనగర్ వాడు నన్ను నెట్టుకొస్తున్నాడు.

"చెయ్యి తియ్!"

"ఎక్కుతలేవు గదక్కా. జర తోస్తున్న, అంతే."

తీసేశాడుగానీ అప్పటికే పైకి వచ్చేశాం. దిగి, సైకిలు వెనక్కి తిప్పాను.

"ఎటు పోతున్నవ్?"

"కిందికి. మళ్ళీ ఎక్కుతాను."

"పిచ్చా అక్కా నీకు? ట్రైన్ పోతది!"

"మీరు పొండి."

గుంటూరు వాడు బుజ్జగించబోయాడు. "ఎవడు చూశాడక్కా? మేం ఎవరికీ చెప్పంలే."

"నేను చూశాను" అన్నాను.

కింద నరికి పడేసిన మాను మీద కాలు మోపి బయల్దేరాను. సగంలో ఆగిపోయాను. మళ్ళీ కిందికి. రెండోసారి ఇంకాస్త పైకి పోయి ఆగాను. కోపంతో ఏడుపొచ్చింది, ఏడుస్తూనే సైకిలు కిందికి నడిపించాను. మూడోసారి గాలిని తిడుతూ, వాడిని తిడుతూ, కంపెనీ క్యాబును కూడా తిడుతూ పైదాకా వచ్చాను. వాళ్ళిద్దరూ గడ్డిలో కూర్చుని పులిహోర తింటున్నారు. నన్ను వదిలి ఎక్కడికీ పోలేదు.

"నువ్వు మనిషివి గాదక్కా" అంటూ కరీంనగర్ వాడు డబ్బా ఇటు తోశాడు. అడుగున నాలుగు వేరుశెనగలు మిగిలాయి. వాడు సారీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

గోర్లిట్స్‌లో వంతెన దాటి, పోలండ్ గట్టు మీద కాలు మోపి, తిరిగి వచ్చాం. అనుకున్న రైలు వెళ్ళిపోయింది. తర్వాతి దాని కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే నాన్న వీడియో కాల్ చేశారు.

"ఎక్కడున్నావమ్మా?"

"గోర్లిట్స్‌లో నాన్నా. పోలండ్ పక్కన. కాట్‌బస్ నుంచి సైకిలు మీద వచ్చాను."

"అంత దూరమే! ఎవరి వెనక కూర్చున్నావమ్మా?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. తొక్కినవాడు జాగ్రత్తగా తొక్కాడో లేదోనన్న బెంగ మాత్రమే ఉంది. అబ్బాయిలిద్దరూ నా వైపు చూశారు. నేను ఫోను తిప్పి సైకిలు చూపించాను. ముందు హ్యాండిల్, తర్వాత సీటు, ఆ వెనక ఒట్టి చక్రం.

"చూడు నాన్నా, వెనక కూర్చోడానికి ఏమైనా ఉందా?"

ఫోను దగ్గరికి తెచ్చుకుని చూశారు. "లేదు" అన్నారు. అంతలోనే, "మరి స్టేషన్ నుంచి రూముకి ఎవరు దిగబెడతారు?" అన్నారు.

"నేనే" అన్నాను.