ఉచిత నంబరుకు మిస్డ్ కాల్

2024 సెప్టెంబరు ఆఖరు రోజు. కామారెడ్డిలో అత్యవసర ఫోన్లు ఎత్తే కాల్ సెంటర్‌లో నేను చేరి అప్పటికి ఎనిమిది నెలలు. కాల్ సెంటర్ అనగానే గోడ నిండా తెరలు, కారిడార్లలో పరుగెత్తే మనుషులు కళ్ళ ముందుకొస్తే క్షమించండి. మాది రెండో అంతస్తులో ఒక హాలు. ఆరు సీట్లు, ఒక వాటర్ ఫిల్టర్, ఒక ఏసీ. ఆపదలన్నీ ఫోన్‌లో వచ్చేవి, యుద్ధాలు మాత్రం ఏసీ కింద సీటు కోసం జరిగేవి.

మమ్మల్ని నిజంగా నడిపించింది గోడ మీది టీవీ. అందులో మా స్కోరు కనిపించేది. రాష్ట్రం మాకిచ్చే నిధులు మూడు నెలలకోసారి ఆ స్కోరు చూసి విడుదలయ్యేవి. రెండో రింగు లోపల ఫోన్ ఎత్తామా, యావరేజ్ హ్యాండ్లింగ్ టైమ్, అంటే ఒక్కో కాల్‌కు సగటున పట్టే సమయం, మూడు నిమిషాలు దాటిందా అని చూసేవారు. ఆకుపచ్చ అంకె వస్తే నిధులు మొత్తం. ఎరుపు వస్తే కోత. కోత పడితే ఒక సీటు తీసేస్తారని పుకారు. తీసేస్తే ముందు పోయేది అందరికన్నా కొత్తవాడి సీటు. అందరికన్నా కొత్తవాణ్ణి నేనే కాబట్టి, ఆ టీవీని నా అంత భక్తిగా చూసినవాడు లేడు.

స్కోరును తిట్టడం తేలిక. కానీ అది రాకముందు చాయ్ పూర్తిచేశాకే ఫోన్ ఎత్తేవాళ్ళమని మా సీనియర్లే చెప్పారు. దానివల్ల వేగం వచ్చిన మాట నిజం.

ఇంకొక నియమం చెప్పాలి. మేము ఎత్తేలోపే తెగిపోయిన ఫోన్‌ను అబాండన్డ్ కాల్ అంటారు. రెండో రింగు రాకముందే తెగితే మా తప్పు కాదు, లెక్కలోకి రాదు. మేమే తిరిగి చేస్తే మాత్రం, మాట్లాడినంతసేపూ మా సీటు ఖాళీగా ఉన్నట్టు లెక్క, దానికీ స్కోరు తగ్గేది. అందుకే ఎవరూ తిరిగి చేసేవారు కాదు.

ఆ మధ్యాహ్నం మూడింటికి నా తెర మీద ఒక నంబరు వెలిగి, ఒక్క రింగుకే తెగింది. రెండు నిమిషాలకు మళ్ళీ అదే. మరో నిమిషానికి మూడోసారి. ఆకతాయిలు పూర్తిగా మోగనిచ్చి, ఎత్తాక పాటలు పాడతారు. ఇంత పొదుపుగా ఉండరు. టీవీలో స్కోరు ఆకుపచ్చ అంచు మీద వేలాడుతోంది, గడువు సాయంత్రం దాకా. అయినా చేశాను.

"ఇప్పుడు చేస్తున్నవా బిడ్డా?" అందొక ముసలి గొంతు. "మూడు మిస్డ్ కాల్లు ఇచ్చిన. ఎవ్వలైనా ఒక్కదానికే చేస్తరు."

"అవ్వా, ఇది ఫ్రీ నంబరు. మిస్డ్ కాల్ ఇయ్యనవసరం లేదు."

"ఫ్రీ అనే మా కొడుకు గీ సిమ్ము తెచ్చిండు. రెండు నెల్లకే పైసలు కట్టుమన్నరు."

"ఏమైంది అవ్వా?" అన్నాను.

"మా ముసలాయనను పాము కరిచింది." సిమ్ము గురించి చెప్పిన గొంతుతోనే చెప్పింది. పేరు సాయవ్వ. మక్క చేనులో, అంటే మొక్కజొన్నలో, గడ్డి కోస్తుంటే ఆయన కాలు మీద కాటు పడింది. రక్తపింజర అని ఆయనే తేల్చాడు. మనిషి మాట్లాడుతున్నాడు, కాలు వాస్తోంది. ఆమె మిస్డ్ కాల్ ఇచ్చి, గట్టు మీద కూర్చుని, మా ఫోన్ కోసం చూస్తోంది. తిరిగి చేయకపోతే ఇంకా చూస్తూనే ఉండేది.

"తువ్వాలతోని గట్టిగ కడుతున్న బిడ్డా."

"కట్టకు అవ్వా. కొయ్యొద్దు, పసరు పొయ్యొద్దు. బాపును కదలకుండ పండుకోబెట్టు."

"నడిచి రోడ్డు దాక వస్త అంటుండు."

"ఒక్క అడుగు గూడ వెయ్యొద్దని చెప్పు."

"నా మాట ఎన్నడు విన్నడు? నువ్వే చెప్పు." ఫోన్ ఆయన చెవికి పెట్టింది. చెప్పాను. "సర్కారోళ్ళు చెప్పినంక తప్పుతదా," అని బాపు పడుకున్నాడు. నన్ను సర్కారుగా గుర్తించిన మొదటి మనిషి ఆయనే.

ఎల్లారెడ్డి నుంచి అంబులెన్స్ బయల్దేరింది. నడిపేది మల్లేశన్న. మా భాషలో అంబులెన్స్ డ్రైవర్‌ను పైలట్ అంటారు, ఆకాశంలో గుంతలు ఉండవు కాబట్టి అసలు పైలట్‌ది ఇంకా సులువైన ఉద్యోగం. ఆయన్నీ అదే లైన్‌లో కలిపాను. మా తెర ఫోన్ ఉన్నచోటు చూపిస్తుంది, కానీ పోచారం వైపు అడవి అంచున టవర్లు తక్కువ. సాయవ్వ ఊరి పేరు చెప్పినా చేను ఊరికి దూరం; తెర గీసిన గుండ్రంలో రెండు ఊళ్ళు, ఒక తండా, లెక్కలేనన్ని మక్క చేన్లు ఉన్నాయి.

"అవ్వా, మీ చేనుకు ఏమన్న ఆనవాలు ఉందా?"

"ఎర్ర చీర కట్టినం బిడ్డా. దూరం నుంచే కనపడతది."

నాకు ప్రాణం లేచొచ్చింది. మల్లేశన్నకు చెప్పాను. పది నిమిషాలకు ఆయన గొంతు వచ్చింది.

"తమ్మీ, ఈడ అన్ని చేన్లకు చీరలే ఉన్నయ్. అడవి పందులను భయపెట్టనీకి కట్టిండ్రు. ఎర్రయే ఇరవై కనపడుతున్నయ్. ఇది చేనా, చీరల దుకాణమా?"

అప్పటికి మా సూపర్‌వైజర్ రజిత మేడం నా వెనక నిలబడింది. తెర మీద కాల్ సమయం ఇరవై రెండు నిమిషాలు దాటింది.

"నరేష్, బండి పోయింది గదా. ఇగ పైలట్ చూసుకుంటడు, పెట్టెయ్."

"చేను దొరకలె మేడం."

అప్పుడే ఫోన్‌లో సాయవ్వ అంది, "బిడ్డా, ఆయనకు కండ్లు మూతలు పడుతున్నయ్." ఈసారి అది సిమ్ము గురించి చెప్పిన గొంతు కాదు.

మేడం పక్కసీటు హెడ్‌ఫోన్ తీసుకుని నాకు రావలసిన కాల్స్ తానే ఎత్తడం మొదలుపెట్టింది. సూపర్‌వైజర్లు ఫోన్ ఎత్తగా మేమెన్నడూ చూడలేదు. గుండె బరువెక్కాల్సిన క్షణం. ఏసీ నుంచి నా మెడ మీద రెండు చుక్కలు పడ్డాయి.

చీరలు పందుల కోసం. పందులు. "అవ్వా, చీరలకు పందులు భయపడుతయా?"

"యాడ భయపడుతయ్. వాటికి అలవాటైంది. అందుకే మైకు పెట్టినం."

"మైకా?"

"బాపే అరిచి రికార్డు చేసిండు. రాత్రి పూట పెడుతం."

రాత్రి అందరి చేన్లలోనూ మైకులు మోగుతాయి. మధ్యాహ్నం మూడున్నరకు మోగేది ఒక్కటే ఉంటుంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పినా అదే పని జరిగేది.

"అవ్వా, మైకు పెట్టు. ఎంత గట్టిగ వస్తే అంత. మల్లేశన్నా, సైరన్ బంద్ చెయ్, బండి ఆపి చెవి పెట్టు."

తర్వాత ఫోన్‌లో బాపు గొంతు, కాటు పడకముందటి గొంతు, చేను దద్దరిల్లేలా మోగింది. "ఓ పందులారా! మీ తాడు తెగ! మీ అయ్య జాగీరా ఇది?" దాని వెనక సన్నగా అసలు బాపు గొంతు: "బంద్ చెయ్యే. బ్యాటరీ అయిపోతే రాత్రికి ఏం జేస్తం?"

"విన్న తమ్మీ," అన్నాడు మల్లేశన్న. "కాలువ అవతల. నన్నే తిడుతున్నట్టుంది, పోతున్న."

నాలుగు నిమిషాల తర్వాత బండి తలుపు తెరుచుకున్న చప్పుడు, స్ట్రెచర్ చప్పుడు వినిపించాయి. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. వెంటనే మిగతా ఐదు ఫోన్లు మోగడంతో ఆ కార్యక్రమం అక్కడితో ముగిసింది. ఎల్లారెడ్డి ఆసుపత్రిలో సమయానికి మందు ఎక్కింది. వారం తిరిగేలోపు బాపు ఇంటికి వెళ్ళాడు.

స్కోరు ఎరుపైంది. వీడియో సమీక్షలో పై అధికారి, నలభై ఒక్క నిమిషాల అవుట్‌గోయింగ్ కాల్ ఏమిటని అడిగారు. మేడం సంజాయిషీ ఇవ్వకుండా రికార్డింగ్ వినిపించింది. సమీక్ష గదిలో పందులను తిట్టిన గొంతు మారుమోగింది. ఆయన నవ్వలేదు, సమీక్షల్లో నవ్వకూడదు. కానీ ఆ ముక్క రెండోసారి పెట్టమన్నారు.

కోత మాత్రం ఆగలేదు. సీటు బతికింది, ఏసీ మరమ్మతు పోయింది. ఇప్పుడు ఆరుగురం సమానంగా చెమటోడుస్తున్నాం, హాల్లో శాంతి నెలకొంది. తర్వాతి మూడు నెలల నుంచి స్కోరు ఫారంలో ఒక కొత్త గడి వచ్చింది: ఒకే నంబరు నుంచి మళ్ళీ మళ్ళీ తెగిన కాల్స్‌కు తిరిగి చేసిన సమయం సీటు ఖాతాలో పడదు. ఆ గడిని మేము సాయవ్వ గడి అంటాం.

ఎంత త్వరగా ఎత్తామో కొలిచే పద్ధతి మమ్మల్ని మంచి ఉద్యోగుల్ని చేసింది. కానీ అటువైపు మనిషి ఫోన్‌ను ఎలా వాడతాడో అది అడగలేదు, మేమూ అడగలేదు. మా దృష్టిలో తెగిపోయిన కాల్, ఆమె దృష్టిలో పూర్తిగా చెప్పేసిన మాట. ఒక్క రింగు ఇచ్చింది, ఇక చేయాల్సింది మేమే.

దసరా దాటాక ఒకరోజు ఆ నంబరు మళ్ళీ వెలిగి తెగింది. వెంటనే తిరిగి చేశాను.

"ఏమైంది అవ్వా?"

"ఏం గాలె. మక్కలు ఇరిచినం. బాపు నీకు కంకులు ఇస్త అని గీ ఫోన్ తీస్కొని బస్సెక్కుతుండు. మీ ఆఫీసుకు ఆనవాలు చెప్పు."

కిటికీలోంచి చూశాను. పక్కన మెడికల్ షాపు, ఎదురుగా మొబైల్ దుకాణం, కింద టిఫిన్ సెంటర్. కామారెడ్డిలో ఇలాంటి మూలలు ఇరవై ఉంటాయి.

"బస్టాండ్‌ల దిగి మిస్డ్ కాల్ ఇయ్యమను అవ్వా," అన్నాను. "నేనే వస్త."