బెల్టు ఎవరి కోసం ఆగింది

మా పిల్లల మీద ఒట్టేసి చెబుతున్నాను... ఇది కల్పించింది కాదు. నవ్వాలనిపిస్తే ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో వద్దు.

తొంభైల చివర్లో... హిందీ మాట్లాడే దుర్గ్ ఊరి అవతల ఒక ప్రైవేటు ఉక్కు మిల్లులో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. తుక్కు ఇనుమును కొలిమికి మోసే బెల్టును మా గదిలోంచే నడిపేవాళ్ళం. నాలుగు కంప్యూటర్లు, అన్నిటినీ కలుపుతూ వైరు. మా అన్నయ్య అప్పల్నాయుడు అక్కడే ఫిట్టరు.

బెల్టు కింది గోతిలోకి దిగేవాడు తన పేరున్న ఇత్తడి బిళ్ళను మా గదిలోని బోర్డుకు తగిలించాలి. బిళ్ళ ఉంటే బెల్టు కదపకూడదు. కానీ ఆ రోజు విశ్వకర్మ పూజ, పనిముట్లకు పూజ చేసే రోజు. బిళ్ళలన్నీ చింతపండుతో తోమి దేవుడి ముందు పెట్టారు. మర్నాడు నిమజ్జనం అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. రాత్రి షిఫ్టు మాత్రం మొదలైపోయింది. గోతిలో ఏదో ఇరుక్కుందని అన్నయ్య, అతని జోడీ సాహు భయ్యా బిళ్ళలు లేకుండానే దిగారు. ఆ సంగతి మాకు తెలీదు.

మూలిగే నక్క మీద తాటిపండులా ఆ వారమే కంప్యూటర్లలో పురుగు పడింది. పురుగంటే ప్రోగ్రామే. వైరు వెంట తనంతట తానే పాకి, ప్రతి మిషన్లోనూ తన నకలు పెడుతుంది. ఒక్కదానికి బుర్ర ఉండదు... గుంపు కడితే మాత్రం చీమల్లా దారి వెతుక్కుంటాయి. ఒకదాంట్లో తుడిస్తే పక్కదాంట్లోంచి మళ్ళీ వచ్చేవి.

ఆ రాత్రి మా షిఫ్టు ఇన్‌చార్జి, బిళ్ళల బోర్డు వైపు చూశారు.

"బోర్డు ఖాళీ హై. చాలూ కర్‌తే హై" అని తనే స్టార్ట్ నొక్కారు.

బెల్టు కదల్లేదు.

మళ్ళీ నొక్కారు. కిర్ర్... ఒక కంప్యూటరు లోపల చప్పుడు. తర్వాత రెండోది. మూడోది. నాలుగోది... ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నట్టు. నొక్కడం ఆపితే అవీ ఆగేవి. నొక్కితే మళ్ళీ కిర్ర్... నేను ఒకదాన్ని మిగతావాటితో కలిపే వైరు పీకేశాను. ఆయన నొక్కారు. మూడూ వరసగా అందుకున్నాయి. ఆ తర్వాత... వైరు లేనిది కూడా కిర్రుమంది. పీకిన వైరు నా చేతిలోనే ఉంది. నాకు చెప్పలేనంత భయం వేసింది.

అప్పుడే తలుపు తోసుకుని అన్నయ్య వచ్చాడు. ఒళ్ళంతా నల్లటి దుమ్ము.

"టార్చి ఇయ్యమ్మా. గోతిలో ఏటీ కనబడ్డం లేదు."

ఇన్‌చార్జి కీబోర్డు మీంచి చెయ్యి తీసేశారు. నాలుగు కంప్యూటర్లూ ఊరుకున్నాయి. ఒక క్షణం... రెండు క్షణాలు...

బయట బెల్టు కదిలిన చప్పుడు. ఎవరూ ఏదీ నొక్కలేదు.

"సాహు లోపలే ఉన్నాడే" అన్నాడు అన్నయ్య, మెల్లగా.

నేను పరిగెత్తి బెల్టును ఆపే ఎర్ర మీట లాగేసరికి ఆలస్యమైపోయింది.

పురుగుల రద్దీలో ఇన్‌చార్జి నొక్కిన స్టార్ట్ ఆజ్ఞలు ఇరుక్కుని తర్వాత వెళ్ళాయన్నారు, చూడ్డానికి వచ్చిన ఇంజనీర్లు. అయ్యుండొచ్చు. మరి వైరు పీకిన కంప్యూటరు సంగతేమిటంటే, నీకలా వినబడి ఉంటుందన్నారు. మా అమ్మేమో, దేవుడే ఆ బెల్టును ఆపి తన కొడుకుని బతికించాడంటుంది. అక్కడి పవర్ హౌస్ పేట మార్కెట్లో సాహు భయ్యా భార్య కనబడితే మాత్రం గబగబా పక్కసందులోకి తిరిగిపోతుంది.

అన్నయ్య బతికాడు. నాకు సంతోషమే, దాచుకోను. కానీ అది అన్నయ్య బయటికొచ్చేదాకా ఆగిందో... సాహు భయ్యా ఒంటరిగా మిగిలేదాకా కాచుకుందో... నాకీ రోజుకీ తెలీదు.