పలకని నాలుగో రాడ్డు

మా గల్లీలోకి గురువారం సాయంత్రాల్లో ఒక ఫకీరు వస్తాడు. నెమలీకల కట్టతో దుకాణం దుకాణానికీ లోబాన్ సాంబ్రాణి పొగ విసురుతూ పోతాడు. ఆ పొగ మెకానిక్ షాపు ముందుకొచ్చి ఇంజనాయిల్ వాసనతో కలిసిందంటే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. అది కరీం చాచా వాసన. ఆయన పోయి చాలా కాలమైంది.

ఉప్పుగూడ రైల్వే స్టేషను వెనక పాత ఇంజన్లు విప్పి కొత్తగా కట్టేవారాయన. డిప్లొమా చదివి కూడా నలుగురి ముందు నోరు పెగలక ఇంటర్వ్యూలన్నీ పోగొట్టుకుని, విడిభాగాలు తెప్పించే పనికి ఆయన దగ్గర చేరాను. డైరీలో పేజీలకు పేజీలు నింపే నేను షాపులో ఆ, ఊలతో సరిపెట్టేదాన్ని. జీవితమంతా ఇంజన్ల మోతలో గడిపిన ఆయనకు చెవులు దాదాపు పోయాయి. "నువ్వు మాట్లాడవు, నాకు వినబడదు. మస్తు జోడీ మనది" అని నవ్వేవారు.

టర్బో పెట్టే ఇంజను వస్తే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేవారు. టర్బో గాలిని బలవంతంగా లోపలికి కుక్కుతుంది. ఆ దెబ్బ ముందు పిస్టన్ నెత్తిన, తర్వాత దాన్ని మోసే కనెక్టింగ్ రాడ్డు మీద పడుతుంది. పోత పోసిన పిస్టన్ అంత దెబ్బకు ఆగదు, దెబ్బలతో సాగగొట్టి చేసిన ఫోర్జ్డ్ రకం కావాలి. అది వేడికి ఉబ్బుతుంది కనుక సిలిండర్ గోడకు కాస్త సందు ఎక్కువ వదలాలి. ఇవన్నీ పుస్తకాల్లోనూ ఉన్నాయి. రాడ్లను ఆయన పరీక్షించే పద్ధతి మాత్రం నేను ఎక్కడా చదవలేదు. తూకాలు సరిపోయాక, మధ్యాహ్నం షట్టరు దించి, నాలుగు రాడ్లనూ సన్నటి తీగలతో ఒకే ఇనుప పైపుకు వేలాడదీసేవారు. ఇత్తడి కడ్డీతో ఒకదాన్ని కొట్టి, వెంటనే వేళ్ళతో పట్టి ఆపేవారు. అప్పుడు, ఎవరూ ముట్టని మిగతా మూడూ ఆ చీకట్లో సన్నగా మూలిగేవి. వాటిలో ఒక్కటి పలకకపోయినా దాన్ని ఇంజనులో పెట్టేవారు కాదు. మొదటిసారి విన్న రోజు నాకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

చెవులు పోయాక ఆయన పైపు చివర పళ్ళతో కరిచి, ఆ వణుకును పుర్రెలోకి తెచ్చుకుని వినేవారట. తర్వాత పళ్ళూ ఊడాయి. "ఇగ నీ చెవులే దిక్కు బేటా" అన్నారు.

ధూల్‌పేట్ నుంచి శ్రీకాంత్ అన్న వచ్చిన రోజు మర్చిపోలేను. తన కారుకు టర్బో కట్టించుకుని రేస్ ట్రాక్‌లో దిగాలని అతని కోరిక. పిస్టన్లు కొత్తవి కొనడానికి వెంటనే ఒప్పుకున్నాడు. రాడ్లు మాత్రం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అతని సొంత అన్న కారు ప్రమాదంలో పోయాడు. ఈ రాడ్లు ఆ కారు ఇంజనులోంచి విప్పినవి. "మంచి ఉక్కు చాచా. మా అన్నవి గివి. గివే పడాలె" అన్నాడు.

షట్టరు దించాం. ఒకటి కొడితే రెండు పలికాయి. నాలుగోది పలకలేదు. విడిగా కొడితే చక్కగా మోగింది. పక్కవి మోగినప్పుడు మాత్రం ఉలుకూ పలుకూ లేదు. చాచా దానికి ఎర్రమందు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లారు. పగులుంటే ఎర్రగీత తేలాలి. తేలలేదు.

"ఏం లేదు కదా" అన్నాడు శ్రీకాంత్ అన్న.

చాచా రాడ్డును చూడలేదు, నన్ను చూశారు. "బోల్ బేటా. పలికిందా?"

పోయిన మనిషి గుర్తుగా దాచుకున్న వస్తువది. అవునంటే దాని మీద ఆధారపడి ఈ తమ్ముడు కారు ఉరికిస్తాడు.

"లేదు చాచా."

"ఏంది చెల్లె, ఇనుముతోని ముచ్చట పెడ్తున్నవా?" అని శ్రీకాంత్ అన్న ఎగతాళి చేశాడు.

"పోరికి వినబడలే. ఇవి పెట్టి నేను ఇంజను కట్ట" అన్నారు చాచా.

శ్రీకాంత్ అన్న ఆ రాడ్డును మళ్ళీ తనే వేలాడదీశాడు. పక్కదాన్ని కొట్టి, ఆపి, నాలుగోదానికి చెవి దగ్గరగా పెట్టాడు. మళ్ళీ కొట్టాడు. చాలాసేపటికి, మాతో కాదన్నట్టు, మెల్లగా అన్నాడు: "మా అన్న అలిగితే గిట్లనే ఉంటుండె. ఎన్నిసార్లు పిలిచినా పలకకపోతుండె."

కొత్త సెట్టు తెప్పించమని చెప్పి, ఆ ఒక్క రాడ్డునూ రుమాల్లో చుట్టుకుని వెళ్ళాడు. అతను గడప దాటుతుండగా, పైపుకు వేలాడుతున్న మూడూ మోగడం మొదలుపెట్టాయి. ఎవరూ కొట్టలేదు. పట్టాల మీద రైలూ లేదు. చాచాకు వినబడే అవకాశమే లేదు. నా ముఖం చూసి మాత్రం ఏమీ అడగకుండా "పట్కో" అన్నారు. రెండు చేతులతో మూడింటినీ పొదివి పట్టుకున్నాను. ఆగడానికి చాలాసేపు పట్టింది.

శ్రీకాంత్ అన్న కారు కొత్త రాడ్లతో ఇప్పటికీ తిరుగుతోంది. పాతదానిలో నిజంగా పగులుందో లేదో నాకీ రోజుకీ తెలియదు. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో పార్టులు చూసి పనికొస్తాయో రావో చెప్పడమే నా ఉద్యోగం. బల్ల చుట్టూ అందరూ అవునన్న మాట కోసం చూస్తున్నప్పుడు నా గొంతు సన్నబడిపోతుంది. సన్నబడినా, లేదనే అంటాను. అన్న ప్రతిసారీ అరచేతుల్లో ఆ వణుకు మొదలవుతుంది. అది ఆగేదాకా గుప్పిళ్ళు మూసుకుని కూర్చుంటాను.